పెద్దయ్యాక మెదడులో కొత్త న్యూరాన్లు (నాడీకణాలు) పుడతాయా, పుట్టవా?

పాతచింతకాయ: 2018లో సోరెల్స్ అనే శాస్త్రవేత్త బృందం నేచర్ పత్రికలో తేల్చేసింది కదా. జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో కొత్త న్యూరాన్లు పసితనం దాటగానే బాగా తగ్గిపోయాయి, పెద్దవాళ్ళలో ఒక్కటీ కనబడలేదు. ఇంకా ఈ చర్చ ఎందుకు?

సూక్ష్మదర్శిని: ఎక్కడ తేలిందండీ? నెల తిరిగేసరికి బోల్డ్రీని బృందం 79 ఏళ్ళవాళ్ళలోనూ ఉన్నాయంది. 2019లో మాడ్రిడ్ పరిశోధకులు అసలు కిటుకు చెప్పారు. చనిపోయాక తీసిన మెదడును రసాయనంలో ఎక్కువసేపు నానబెడితే, కొత్త కణాన్ని పట్టిచ్చే డబుల్‌కార్టిన్ ప్రోటీన్ ఆనవాలే దొరకదు. కనబడకపోతే లేనట్టేనా?

పాతచింతకాయ: సోరెల్స్ వాళ్ళు మూర్ఛకు ఆపరేషన్ చేసి అప్పటికప్పుడు తీసిన మెదడు ముక్కల్లోనూ వెతికారు. పెద్దవాళ్ళ ముక్కల్లో లేవు. అక్కడ మీ నానబెట్టిన సాకు చెల్లదు.

సూక్ష్మదర్శిని: మూర్ఛ రోగి మెదడు మామూలు మెదడా?

కాకినాడకాజా: ఎలుకల్లో పుడతాయని ఆల్ట్‌మన్, దాస్ 1965లోనే చూపించారుగా. మనమేం పాపం చేశాం 😀

పాతచింతకాయ: మూర్ఛ ముక్కల సంగతికి జవాబు చెప్పండి ముందు.

సూక్ష్మదర్శిని: ప్రోటీన్ ఆనవాలుకు రంగులేసి కణాల్ని వెతకడం వదిలేయండి. అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 మన డీఎన్ఏలోకీ చేరింది. దాన్నిబట్టి కణం వయసు కట్టి, ఒక్కో హిప్పోక్యాంపస్‌లో రోజుకు దాదాపు 700 పుడతాయని 2013లో లెక్క తేల్చారు.

గట్టుమీదిపిల్ల: మీ లెక్కలు మీరు చూసుకోండి. మా నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు ఒకాయన ఇంజెక్షన్లతో మెదడులో కణాలు మళ్ళీ మొలుస్తాయన్నాడు. అమ్మ గాజులు అమ్మి కట్టాం. చెయ్యి లేవలేదు.

పాతచింతకాయ: చూశారా! పుడతాయి పుడతాయి అని మీలాంటివాళ్ళు ఊదరగొట్టబట్టే ఆ సూదులు అమ్ముడవుతున్నాయి.

సూక్ష్మదర్శిని: ఎవడో మోసం చేశాడని నిజం దాచిపెట్టమంటారా? అదే కార్బన్-14తో కార్టెక్స్ (మెదడు పైపొర) చూస్తే, పెద్దయ్యాక కొత్త న్యూరాన్లు పుట్టిన జాడ లేదు. చేతిని కదిలించేది కార్టెక్స్. నేనన్నది హిప్పోక్యాంపస్ గురించే.

పాతచింతకాయ: ఆ మాట మొదటి పోస్టులోనే రాయొచ్చుగా? చదివేవాళ్ళలో ఆ అమ్మాయిలాంటివాళ్ళు ఉంటారని తెలియదా? నా కోపమంతా అదే.

సూక్ష్మదర్శిని: మీరు అడిగింది అది కాదు కాబట్టి.

గట్టుమీదిపిల్ల: మరి ఫిజియోథెరపీ కూడా దండగేనా?

సూక్ష్మదర్శిని: ఆపకమ్మా. అక్కడ పనిచేసేది కొత్త కణాలు కాదు. మిగిలిన కణాలే అల్లికలు మార్చుకుని పోయినవాటి పని కొంత అందుకుంటాయి. డాక్టరును అడిగి కొనసాగించు.

పాతచింతకాయ: దీనికి నేనూ సరే. మూర్ఛ ముక్కల సంగతికి మాత్రం జవాబింకా రాలేదు.