పాత చిన్న విమానాల్లో రేడియో తప్పనిసరి చేయాలా?

ఒంగోలు_డల్లాస్:
మాది ఒంగోలు, ఉద్యోగం డల్లాస్ దగ్గర. మూడేళ్ల కిందట ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీసుకున్నాను. వారాంతాల్లో సెస్నా 172 అనే చిన్న విమానం అద్దెకు తీసుకుని తిరుగుతుంటాను. పోయిన నెల జరిగింది చెప్పి ఒక ప్రశ్న అడుగుతాను.

కంట్రోల్ టవర్ లేని చిన్న ఎయిర్‌ఫీల్డు. అక్కడ దిగేవాళ్లంతా ఒకే ఫ్రీక్వెన్సీలో ఎవరెక్కడున్నదీ చెప్పుకుంటారు. దిగేముందు రన్‌వే పక్కగా వేసే చుట్టును సర్క్యూట్ అంటారు. అందులో రన్‌వేకి సమాంతరంగా, దిగే దిశకు ఎదురుగా వెళ్లే డౌన్‌విండ్‌లో చెప్పాను, రన్‌వే వైపు మళ్లే బేస్‌లోకి తిరుగుతూ చెప్పాను, రన్‌వేకి సూటిగా దిగే ఫైనల్‌లో చెప్పాను. ఎవరూ పలకలేదు. ఎవరూ లేరనుకున్నాను. ఇంకో మూడు వందల అడుగులు దిగితే నేల అనగా నా ముక్కు కింది నుంచి పసుపుపచ్చ రెక్క ఒకటి బయటికొచ్చింది. పైపర్ కబ్, రెండు సీట్ల పాత చిన్న విమానం! పవర్ మొత్తం ఇచ్చి, కుడికి జరిగి పైకెక్కేశాను. దిగాక కూడా చాలాసేపు కాళ్లలో వణుకు తగ్గలేదు.

ఆ కబ్‌లో రేడియో లేదు. 1930ల నాటి డిజైన్, 65 హార్స్‌పవర్ ఇంజన్, జనరేటర్ లేదు, బ్యాటరీ లేదు. టవర్ లేని చోట రేడియో లేకుండా ఎగరడానికి ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. విమానం తానెక్కడున్నదీ తానే చాటుకునే ఏడీఎస్-బీ అనే పరికరాన్ని 2020 నుంచి రద్దీ ఆకాశంలో తప్పనిసరి చేశారు. కరెంటు లేని ఇలాంటి విమానాలకు అందులోనూ చాలావరకు మినహాయింపు ఉంది. చేతిలో పట్టే రేడియో సెట్లు దొరికే ఈ రోజుల్లో ఈ మినహాయింపులన్నీ తీసేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

కావలి_పుష్పక్:
నాయనా, క్షేమంగా ఉన్నావు, అంతే చాలు. వెనకాముందాడకుండా పైకెక్కేశావు చూడు, అది మంచి పని.

నేను 1970లలో పుష్పక్ మీద నేర్చుకున్నవాణ్ని, ఆ తర్వాత చాలా ఏళ్లు నేర్పినవాణ్ని. హెచ్ఏఎల్ వాళ్లు బెంగళూరులో తయారుచేసిన గుడ్డ రెక్కల విమానం అది, 90 హార్స్‌పవర్. మా దానికి స్టార్టర్ లేదు, ప్రొపెల్లర్ చేత్తో తిప్పాల్సిందే. రేడియో పనిచేసిన రోజులకంటే పనిచేయని రోజులే ఎక్కువ. అప్పుడు టవర్ నుంచి దీపం చూపించేవాళ్లు. ఆకుపచ్చ నిలకడగా ఉంటే దిగొచ్చు. ఎరుపు నిలకడగా ఉంటే ఇంకొకరికి దారిచ్చి చుట్టు తిరుగుతూ ఉండాలి. ఎరుపు ఆరుతూ వెలుగుతుంటే ఇక్కడ దిగొద్దని. అర్థమైందని మేం రెక్కలూపేవాళ్లం. దీపం కోసం వెతుక్కోవాలి కాబట్టి మా చూపు ఎప్పుడూ బయటే ఉండేది.

నీ రాతలో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "ఎవరూ పలకలేదు. ఎవరూ లేరనుకున్నాను." నీ ప్రమాదం అక్కడే మొదలైంది. ఫైనల్‌లో ఉన్న నీకు ముందు, కింద ఉన్నవాణ్ని నీ ముక్కే దాచేసింది. వాడికి పైన, వెనక ఉన్న నిన్ను వాడి రెక్క దాచేసింది. కానీ బేస్‌లోకి తిరగకముందు అతను నీకు కనిపించే చోటే ఉండుండాలి. తిరిగేముందు, తిరగబోయే వైపు రెక్క కాస్త పైకెత్తి దాని చాటున ఎవరున్నారో చూశావా? నీ సెస్నాలాగా రెక్కలు పైనుండే విమానంలో నేను పిల్లలకు మొట్టమొదట నేర్పింది అదే.

ఇంకొకటి. దిగబోయే ఇద్దరిలో కిందున్నవాడిదే దారి. ఆ వంకతో ఇంకొకడి ముందుకు దూరకూడదని కూడా అదే నిబంధనలో ఉంది. అతను దూరాడా, ముందునుంచీ అక్కడే ఉన్నాడా అన్నది నీకూ తెలియదు కదా.

జువ్వలదిన్నె_బోటు:
విమానాల సంగతి నాకు తెలియదు సార్, నాది సముద్రం మీద బోటు. కానీ ఈ గొడవ మాకూ ఉంది, అందుకని రాస్తున్నా.

మా బోట్లలో వీహెచ్ఎఫ్ రేడియో సెట్ ఉంటుంది. పదహారో ఛానెల్ ఆపదకీ పిలుపుకీ. కుర్రోళ్లు దాంట్లోనే కబుర్లు పెడతారు, అసలు మాట వినపడదు. అయినా నేను సెట్ వద్దనను. ఒక జనవరిలో తెల్లవారుజామున పొగమంచు కమ్మేసింది, కృష్ణపట్నం పోయే ఓడ మా పక్కనే వస్తోందని తెలిసింది సెట్ వల్లనే. ఆ రోజు కూడా ముందు ఒక మనిషిని నిలబెట్టే ఉంచాను, చెవులు పెట్టి వినమని.

మా నాయన నేర్పింది ఒకటి చెప్తా. దూరంగా ఓడ దీపం కనపడితే దాన్ని మన బోటు మీద ఏదో ఒక గుర్తుకు సరిపెట్టి చూడాలి. దీపం ఆ గుర్తు నుంచి ముందుకో వెనక్కో జరుగుతుంటే భయం లేదు. జరక్కుండా అక్కడే నిలబడి పెద్దదవుతుంటే మాత్రం అది మన మీదికే వస్తోంది. గాల్లో కూడా ఇంతేనా మాస్టారూ?

కావలి_పుష్పక్:
అచ్చంగా అంతే అబ్బయ్యా. గాల్లో ఇంకా కష్టం. కదిలేదాన్ని కన్ను ఇట్టే పట్టుకుంటుంది. గుద్దబోయేది అద్దం మీద మరకలాగా ఒకేచోట ఉంటుంది, చివరి క్షణాల్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది.

పైగా కన్ను బాగా స్పష్టంగా చూసేది నడిమధ్య రెండు డిగ్రీల మేరే. తలను ఫ్యానులా తిప్పేస్తే ఏమీ కనపడదు. పది డిగ్రీల చొప్పున జరిపి, ప్రతిచోటా ఒకటి రెండు సెకన్లు ఆపాలి. మేఘం కూడా లేని ఆకాశంలో చూపు తనంతట తానే దగ్గరికి వచ్చేస్తుంది. మధ్యమధ్యలో దూరంగా చెట్టునో చెరువునో చూసి మళ్లీ దూరానికి సర్దుకోవాలి.

రేడియో మోసం చేసిన సంగతి కూడా ఒకటుంది. నా దగ్గర నేర్చుకునే ఒకబ్బాయి బేస్‌లో ఉండి కంగారులో "డౌన్‌విండ్" అన్నాడు. వెనక వచ్చే విమానంలో ఇద్దరూ వాడి కోసం డౌన్‌విండ్‌లోనే వెతుకుతూ కూర్చున్నారు. ఆ రోజు ఏమీ కాలేదు గానీ, నాకు ఇప్పటికీ గుర్తే. పెద్ద విమానాలు కూడా చూడండి. 1996 నవంబర్ 12న హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గుద్దుకుని 349 మంది పోయారు. రెండింట్లోనూ రేడియో ఉంది, కంట్రోలర్‌తో మాట్లాడుతూనే ఉన్నారు.

ఒంగోలు_డల్లాస్:
మాస్టారూ, రెక్క ఎత్తి చూడలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ చర్ఖీ దాద్రీ ఉదాహరణ ఇక్కడికి సరిపోదు. ఒక విమానం తనకిచ్చిన ఎత్తు కంటే కిందికి దిగిపోయింది. అక్కడ మబ్బులు కూడా ఉన్నాయి. దాన్నిబట్టి రేడియో పనికిరాదని అనలేం.

కళ్లకు ఎంత సమయం దొరుకుతుందో లెక్క వేశాను. ఎదుటి విమానాన్ని గుర్తించి, నిర్ణయం తీసుకుని, మన విమానం పక్కకు మళ్లేసరికి పన్నెండున్నర సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన శాఖ చెప్పే లెక్క. నా వేగం 90 నాట్లు (గంటకు సుమారు 167 కిలోమీటర్లు), కబ్‌ది 60 నాట్లు (సుమారు 111) అనుకుందాం. ఎదురెదురుగా వస్తే ఆ పన్నెండున్నర సెకన్లలో దాదాపు కిలోమీటరు తరిగిపోతుంది. కిలోమీటరు దూరంలో కబ్ రెక్కల కొస నుంచి కొసకి, అంటే పదిన్నర మీటర్లు, చందమామ వెడల్పు కంటే కాస్తే ఎక్కువ. ఎదురుగా చూస్తే మందం దారమంత. అంతలో నేను చూసి తీరాలి!

ఆస్ట్రేలియా ప్రమాద విచారణ సంస్థ 1991లో ఈ విషయం మీదే ఒక నివేదిక ఇచ్చింది. ఎటు చూడాలో ముందే తెలిసినవాడి వెతుకులాట, తెలియనివాడి వెతుకులాట కంటే ఎనిమిది రెట్లు ఫలిస్తుందని అందులో ఉంది. కళ్లు వద్దని నేననడం లేదు. ఎటు చూడాలో కళ్లకి చెప్పేది రేడియోనే.

సింగరాయకొండ_రేడియో:
నేను రేడియో ఇంజనీర్‌ని, హ్యామ్ (అభిరుచి కోసం నడిపే రేడియో) లైసెన్స్ ఉంది. తమ్ముడూ, "చేతిలో పట్టే రేడియో సెట్లు దొరికే ఈ రోజుల్లో" అన్నావే, ఆ మాట దగ్గర నాకు అభ్యంతరం.

పాత ఇంజన్లలో స్పార్కు పుట్టించే మాగ్నెటో వైర్లకు చాలాసార్లు షీల్డింగ్, అంటే రేడియో రొదను ఆపే లోహపు తొడుగు, ఉండదు. ప్రతి స్పార్కుకీ సెట్‌లో చిటపటలు. తెరిచిన కాక్‌పిట్ అయితే గాలి హోరు ఇంకొకటి. చేతి సెట్‌కుండే పొట్టి ఏరియల్‌ని ఇనుప గొట్టాల చట్రం మధ్య పెట్టుకుని మాట్లాడితే, మీరు అరిచింది పక్క విమానానికి కూడా చేరకపోవచ్చు. విమానాల రేడియో ఏఎం పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి ఇద్దరు ఒకేసారి నొక్కితే ఈల మోతే వినపడుతుంది, మాట అర్థం కాదు. వైర్లకు షీల్డింగ్, బయట ఏరియల్, మంచి హెడ్‌సెట్, ఛార్జ్ అయిన బ్యాటరీ, ఇవన్నీ ఉంటేనే అది రేడియో. లేకపోతే ఆ పైలట్ తన మాట అందరికీ చేరిందన్న భ్రమలో ఎగురుతాడు. సెట్ లేనివాడి కంటే అతనికే ప్రమాదం ఎక్కువ.

నేనైతే ముందు వినడం తప్పనిసరి చేస్తాను. వినడానికి చాలా తక్కువ సరంజామా చాలు. నిన్ను ఆ కబ్ పైలట్ విని ఉంటే తల వెనక్కి తిప్పి చూసేవాడు కదా.

దొనకొండ_వాసి:
మా దొనకొండలో బ్రిటిష్ కాలంనాటి ఏరోడ్రోమ్ ఉంది, చిన్నప్పుడు అక్కడే ఆడుకున్నాం. రేపు అక్కడ ఇలాంటి పాత విమానాలు దిగే రోజు వస్తే ఏ పద్ధతి పెట్టాలి మాస్టారూ?

కావలి_పుష్పక్:
ఆ రోజు చూడాలని నాకూ ఉంది. సింగరాయకొండ అమ్మాయి చెప్పిన వినే పద్ధతికి నేను ఒప్పుకుంటాను. రన్‌వే పైనుంచి ముందు ఒక చుట్టు చూసి, అందరూ ఒకే వైపు తిరిగి దిగాలి. సెట్ లేనివాడు బయల్దేరేముందే ఫోన్ చేసి ఏ వేళకి వస్తాడో చెప్పాలి. అయితే సెట్ లేదన్న ఒక్క కారణంతో ఎనభై ఏళ్ల విమానాన్ని నేలకు కట్టేయడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఒంగోలు_డల్లాస్:
నేనూ నా మాట పూర్తిగా వదులుకోను మాస్టారూ. రేడియో ఉన్నవీ లేనివీ కలిసి తిరిగే చోట వినడం, చెప్పడం రెండూ ఉండాలి. కానీ నిన్న ఆ కబ్ ఓనర్‌ని కలిశాను. డెబ్బై దాటిన పెద్దాయన. నా సెస్నా తన వెనక ఉన్నట్టు నేను పైకెక్కేదాకా తెలియలేదట. ఆయన చెప్పిందాన్నిబట్టి, నాకంటే ముందునుంచే లోపలి వైపు చిన్న సర్క్యూట్‌లో తిరుగుతున్నాడు. నేను చూడలేదు. వచ్చే శనివారం తన కబ్‌లో ఎక్కమన్నాడు. ముందు సీటులో కూర్చుని, అక్కడి నుంచి ఏం కనపడుతుందో చూసి వచ్చి ఇక్కడ రాస్తాను.

కావలి_పుష్పక్:
ఆయన ఒప్పుకుంటే వెనక సీటులో కూర్చో నాయనా. కబ్‌ని ఒక్కడే నడిపేటప్పుడు ఆయన కూర్చునేది అక్కడే.