అమెరికాలో 1865లో బానిసత్వం పోయిందా, పేరు మార్చుకుందా?

విజయవాడ నుంచి:
మా వాడి పుస్తకంలో "1863లో లింకన్ బానిసలందరినీ విడిపించాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 1863 జనవరి 1 నాటి ప్రకటన అంతర్యుద్ధంలో తిరుగుబాటు చేసిన దక్షిణాది ప్రాంతాలకే. తిరుగుబాటులో చేరకుండా యూనియన్‌లోనే, అంటే లింకన్ ప్రభుత్వం వైపే ఉన్న కెంటకీ, డెలావేర్‌లలో 1865 డిసెంబరులో బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ పదమూడో సవరణ వచ్చేదాకా బానిసత్వం చట్టబద్ధమే. ఆ సవరణలోనూ ఒక మెలిక పెట్టారు: నేరానికి శిక్షగా అయితే తప్ప అని. దక్షిణాది పెద్దలకు ఆ సందు చాలింది. పనీపాటా లేకుండా తిరగడమే నేరమన్నారు. నల్లవాళ్లను పట్టుకుని జరిమానా వేసి, కట్టలేనివాళ్లతో వెట్టి చేయించారు. ఖైదీలను గనులకూ తోటలకూ అద్దెకిచ్చారు. అలబామాలో ఇది 1928 దాకా సాగింది. నన్నడిగితే పేరు మారింది, అంతే.

డాలస్ నుంచి:
"అంతే" అనకండి, దయచేసి. మా టెక్సస్‌లో గాల్వెస్టన్‌కు యూనియన్ సైన్యం వచ్చి విడుదల ఉత్తర్వు చదివింది 1865 జూన్ 19న. ఆ రోజును ఇక్కడి నల్లవాళ్లు ఇప్పటికీ పండగ చేసుకుంటారు. బానిసకు చట్టం ముందు పెళ్లి లేదు, బిడ్డ మీద హక్కు లేదు. విడుదలయ్యాక ఎంతోమంది మొదట చేసిన పని, అమ్ముడుపోయిన తమ వాళ్లను వెతుక్కోవడం. పత్రికల్లో ప్రకటనలిచ్చారు: మా అమ్మ పేరు ఇది, ఫలానా దొర ఫలానా చోట అమ్మేశాడు, జాడ తెలిస్తే చెప్పండి అని. పాస్టర్లు వాటిని చర్చిలో చదివి వినిపించేవారు. ఏళ్ల తరబడి కలిసి బతికిన ముసలి జంటలు పెళ్లి రిజిస్టరు చేయించుకున్నారు. బిడ్డను ఇక ఎవరూ వేలం వేయలేరన్నది ఆ తల్లికి పేరు మార్పేనా?

వరంగల్ నుంచి:
ఇద్దరూ భూమి మాటే ఎత్తలేదు. 1862లో వాషింగ్టన్‌లో బానిసల్ని విడిపించినప్పుడు తలకు 300 డాలర్ల దాకా పరిహారం ఇచ్చారు. ఎవరికి? యజమానులకు! బానిసకు దేశం విడిచి పోతే 100 డాలర్ల దాకా ఇస్తామన్నారు. 1865 జనవరిలో జార్జియాలోని సవానాలో యూనియన్ సైన్యాధిపతి జనరల్ షెర్మన్ 20 మంది నల్లజాతి మత పెద్దల్ని పిలిచి ఏం కావాలని అడిగితే, భూమి కావాలి, మేమే దున్నుకుంటాం అన్నారు. నాలుగు రోజులకే కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. దాదాపు 40,000 మంది సాగు మొదలుపెట్టారు. లింకన్ హత్య తర్వాత గద్దెనెక్కిన ఆండ్రూ జాన్సన్ ఆ ఏడే భూముల్ని పాత దొరలకు తిరిగి ఇప్పించాడు. మిగిలింది పాలుకు చేసుకోవడం. విత్తనం, తిండిగింజలు, బట్ట అన్నీ కొట్లో అప్పు. పంట తూచి లెక్క రాసేది దొర. వెట్టి చూసిన మా ఊళ్లలో ఈ లెక్క ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.

విజయవాడ నుంచి:
డాలస్ వారి మాట నిజం, "అంతే" అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. భూములు పోతుంటే వాళ్లు ఊరుకున్నారా?

వరంగల్ నుంచి:
ఊరుకోలేదండీ. దక్షిణ కరోలినాలోని ఎడిస్టో దీవికి విడుదలైన బానిసల కోసం పెట్టిన ప్రభుత్వ శాఖ అధిపతి జనరల్ హోవర్డ్ వెళ్లి, భూములు వదలండి, యజమానుల్ని క్షమించండి అని చెప్పాడు. యుద్ధంలో కుడి చెయ్యి పోయినవాడాయన. దీవి జనం ఉత్తరం రాశారు. మీకు పోయింది కుడి చెయ్యి ఒక్కటే, మీరు క్షమిస్తారేమో అన్నారు. నన్ను చెట్టుకు కట్టి 39 కొరడా దెబ్బలు కొట్టినవాణ్ణి, మా అమ్మను, అక్కచెల్లెల్ని బట్టలూడదీసి కొట్టినవాణ్ణి, తన చేలో తను చెప్పిన కూలికి పనిచేస్తే తప్ప ఖాళీ గుడిసెలోనైనా ఉండనివ్వనివాణ్ణి నేను క్షమించలేను అని రాశారు.