గ్రీన్‌లాండ్‌లో సిసిమియుట్ నుంచి అస్సాకుటాక్‌కి పడవలో ఎవరైనా వెళ్లొచ్చారా?

కొత్తసంచారి:
అందరికీ నమస్తే. ఆగస్టు మొదటి వారంలో నేనూ నాన్నా గ్రీన్‌లాండ్ వెళ్తున్నాం, రాజధాని నూక్ నుంచి సిసిమియుట్ దాకా కోస్టల్ ఫెర్రీలో, ఆ తర్వాత సిసిమియుట్‌లో రెండున్నర రోజులు ఖాళీ. అక్కడికి దగ్గర్లో ఒక దీవి మీద అస్సాకుటాక్ అని పాత జాలరి ఊరు ఉందని, జనం వెళ్లిపోయి యాభై ఏళ్లు దాటిందని, పడవలో తప్ప ఇంకో దారి లేదని చదివినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. నాన్న చిన్నప్పుడు వాళ్ల నాన్నతో కలిసి చేపల వేటకెళ్లిన మనిషి, చేపల ఊరంటే ఆయనకి ప్రాణం. కానీ 66 ఏళ్లు, మోకాలు కొంచెం ఇబ్బంది. పడవ దిగడం ఎంత కష్టం? ఎంతసేపు ఉంటే సరిపోతుంది? ఇళ్లలోకి వెళ్లొచ్చా? ఇంకోటి, ఇది నన్ను నిజంగా తొలుస్తోంది, వేరేవాళ్లు వదిలేసుకోవాల్సి వచ్చిన ఊరికి మనం కెమెరా వేసుకుని వెళ్లడం బాగుంటుందా? వెళ్లినవాళ్లు చెప్పండి ప్లీజ్.

నత్తనడక:
నేను వెళ్లానండి, రెండేళ్ల కిందట జులై ఆఖర్లో. తప్పకుండా వెళ్లండి, అందులోనూ నాన్నగారిని తీసుకుని వెళ్లండి.

ముందు పడవ సంగతి. సిసిమియుట్ హార్బర్ నుంచి అరగంట కూడా పట్టలేదు మాకు, అమెర్లోక్ ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) వైపు వెళ్లాలి. మూసి ఉన్న క్యాబిన్ పడవలూ ఉంటాయి, తెరిచి ఉన్న చిన్న మోటారు పడవలూ ఉంటాయి, మీరు మాత్రం డబ్బు కొంచెం ఎక్కువైనా క్యాబిన్ ఉన్నదే మాట్లాడుకోండి ఎందుకంటే ఒడ్డున ఎండ కాస్తూ హాయిగా అనిపించినా పడవ స్పీడు అందుకోగానే ఆ గాలి చెంపల మీద కోసినట్టు ఉంటుంది, నీళ్లు వేసవిలో కూడా ఒంటికి తగిలితే ఊపిరి ఆగిపోయేంత చల్లగా ఉంటాయి. ఫ్లోటేషన్ సూట్ (నీళ్లలో తేలేలా చేసే, ఒళ్లంతా కప్పే దుస్తులు) ఇస్తే బద్ధకించకుండా వేసుకోండి, లైఫ్ జాకెట్ సరే సరి.

దిగడం గురించి అడిగారు, అసలు కష్టం అక్కడే. అక్కడ ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ, పోటు మీద ఉన్నప్పుడు రాతి మీదకి ఒక్క అడుగు వేస్తే చాలు, అదే ఆటు సమయంలో వెళ్తే నాచు పట్టిన రాళ్ల మీదుగా పైకి ఎక్కాలి, అది మోకాలు బాగున్నవాళ్లకే జారుడు. మా పడవాయన ముందు రోజే "పొద్దున కాదు, మధ్యాహ్నం రండి" అన్నాడు, నాకు అర్థం కాలేదు, తీరా దిగేటప్పుడు తెలిసింది. కాబట్టి బుక్ చేసుకునేటప్పుడే నాన్నగారి మోకాలి సంగతి చెప్పేసి, టైమ్ పడవాయన్నే చూడమనండి.

ఊరంటే పెద్దదేం కాదు. చర్చి, కొన్ని చెక్క ఇళ్లు, చేపలు ఉప్పు వేసిన పెద్ద షెడ్డు, కాస్త పైన శ్మశానం. నేను ఎక్కువసేపు ఆగింది ఆ షెడ్డు దగ్గరే. గోడ పలకలు ఎండకీ గాలికీ బూడిద రంగు తిరిగిపోయి, చెక్కలో మెత్తటి భాగమంతా అరిగిపోయి గట్టి చారలు మాత్రం చేతి నరాల్లా పైకి తేలి ఉన్నాయి, వేలితో తాకితే ఒక్కొక్క చారా తెలుస్తుంది. మేకు ఉన్న ప్రతి చోటా కిందికి ఒక తుప్పు గీత. తలుపు సందులోంచి చూస్తే లోపల నేల పలకలు గుమ్మం దగ్గర మాత్రం పల్లంగా అరిగిపోయి ఉన్నాయి, తడి బూట్లతో ఎంతమంది ఎన్నేళ్లు తిరిగితే అలా అరుగుతుందో అనుకుంటూ అక్కడే నిలబడిపోయాను.

ఇళ్లలోకి మాత్రం వెళ్లకండి. పైకి పాడుబడినట్టు కనిపించినా వాటిలో కొన్ని ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, సిసిమియుట్ పిల్లలకి వేసవి క్యాంపులు అక్కడే పెడతారు. మేం వెళ్లిన రోజు ఒక ఇంటి ముందు తాడు మీద చిన్న చిన్న మేజోళ్లు ఆరేసి ఉన్నాయి. "ఖాళీ ఊరు" అన్న మాట అప్పటి నుంచి నేను వాడటం మానేశాను.

చరిత్రపిచ్చి:
నత్తనడక గారు చూసింది చెప్పారు, ఆ ఊరు ఎందుకలా అయిందో నేను చెప్తాను, తెలిసి వెళ్తే ఆ షెడ్డు ఇంకోలా కనిపిస్తుంది.

గ్రీన్‌లాండ్ పడమటి తీరంలో జనం బతుకు ఒకప్పుడు ప్రధానంగా సీల్ (చల్లటి సముద్రాల్లో ఉండే జంతువు) వేట మీద. 1920ల నుంచి సముద్రం కొంచెం వేడెక్కి కాడ్ చేప గుంపులు గుంపులుగా రావడం మొదలైంది, సీల్ తగ్గింది, దాంతో తీరం పొడుగునా చిన్న ఊళ్లలో కాడ్ పట్టడం, ఉప్పు వేయడం, ఎండబెట్టడం పెద్ద పని అయిపోయింది. 1953లో గ్రీన్‌లాండ్ వలస పాలన నుంచి డెన్మార్క్‌లో ఒక భాగంగా మారింది. ఆ తర్వాత జీ-50, జీ-60 అని అభివృద్ధి ప్లాన్లు వచ్చాయి. వాటి లెక్క ఏంటంటే చెల్లాచెదురుగా ఉన్న ఊళ్లన్నిటికీ స్కూలు, ఆసుపత్రి, కరెంటు ఇవ్వడం కష్టం, అందర్నీ చలికాలంలో కూడా సముద్రం గడ్డకట్టని నాలుగు పట్టణాలకి చేర్చాలి, అక్కడ ఫ్యాక్టరీలు పెట్టాలి. ఆ నాలుగే పామియుట్, నూక్, మానిట్సోక్, సిసిమియుట్. అస్సాకుటాక్ 1960ల చివర్లో ఖాళీ అయింది, జనం సిసిమియుట్ చేరారు.

చాలామంది "చేపలు అయిపోయాయి, అందుకే వెళ్లిపోయారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నాకది నచ్చదు. కాడ్ కూలిపోయిన మాట నిజమే, 1960ల మొదట్లో విదేశీ ట్రాలర్లతో (పెద్ద వలలు లాగే చేపల ఓడలు) కలిపి ఏడాదికి 4 లక్షల టన్నులు దాటి పట్టేసి, ఆ పైన నీళ్లు మళ్లీ చల్లబడి, ఆ దశాబ్దం చివరికల్లా చేప పడిపోయింది. కానీ ఊళ్లని మూసేయాలన్న ప్లాను అంతకు ముందే కాగితం మీద ఉంది. కొత్త ఇళ్లకి, కొత్త స్కూళ్లకి డబ్బు పట్టణాలకే వెళ్తే చిన్న ఊళ్లో పిల్లల్ని పెట్టుకున్న అమ్మానాన్నలు ఎన్నాళ్లు ఉండగలరు? గెంటలేదు నిజమే, కానీ ఉండనిచ్చారనీ అనలేం. నూక్‌లో బ్లాక్ పి అని అయిదంతస్తుల పొడవాటి బిల్డింగు ఒకటి 1960ల మధ్యలో కట్టారు, ఒకప్పుడు దేశ జనాభాలో దాదాపు వందో వంతు ఆ ఒక్క బిల్డింగులోనే ఉండేవారు, 2012లో కూల్చేశారు. సముద్రం గుమ్మం ముందు పెట్టుకుని బతికినవాళ్లకి అలాంటి మెట్ల మీద నాలుగో అంతస్తులో కాపురం ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి.

ఇంకా పెద్ద ఉదాహరణ డిస్కో దీవి మీద కుల్లిస్సాట్, అది బొగ్గు గని పట్టణం, వెయ్యి మందికి పైగా ఉండేవారు, 1972లో మూసేశారు. ఆ గాయం అక్కడి రాజకీయాల్లో చాలా కాలం పనిచేసింది, 1979లో హోమ్ రూల్ (స్వపరిపాలన) రావడం వెనక ఆ కోపం కూడా ఉంది.

మంచుదారి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, వీసా సంగతి ఎవరూ అనలేదు. గ్రీన్‌లాండ్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) లేదు. మామూలు షెంగెన్ వీసా చూపిస్తే కుదరదు, వీసా మీద గ్రీన్‌లాండ్‌కి చెల్లుతుందని విడిగా రాసి ఉండాలి, అప్లై చేసేటప్పుడే అడగాలి. తీసుకోకపోయుంటే వెంటనే చూసుకోండి.

దోమల వల ఒకటి తలకి వేసుకునేది పెట్టుకోండి, గాలి ఆగిందంటే కమ్మేస్తాయి, ఆగస్టులో తగ్గుతాయి గానీ పోవు. సిసిమియుట్‌లో గొలుసులకి కట్టేసిన స్లెడ్ కుక్కలు (మంచు మీద బండి లాగేవి) కనిపిస్తాయి, ముద్దుగా ఉన్నాయని దగ్గరకి పోవద్దు, అవి పని కుక్కలు. నక్క ఏదైనా బెరుకు లేకుండా మీ దగ్గరికి వస్తే దూరం జరగండి, అక్కడి నక్కల్లో రేబిస్ ఉంది.

అన్నిటికంటే ముఖ్యం, పడవ ప్రయాణం మొదటి రోజే పెట్టుకోండి. అక్కడ "ఇమాకా" అనే మాట రోజుకి పదిసార్లు వింటారు, "కావచ్చు, చూద్దాం" అని అర్థం. పొగమంచు దిగిందంటే అంతే, పక్కన దీవి కూడా కనపడదు, పడవాయన రాను అంటే బతిమాలకండి.

కొత్తసంచారి:
అయ్యో వీసా విషయం మంచి టైమ్‌కి చెప్పారు, మాదాంట్లో రాసి ఉందో లేదో ఇప్పుడే చూశాను, ఉంది, ప్రాణం లేచొచ్చింది. చరిత్రపిచ్చి గారూ, మీరు రాసింది నాన్నకి మొత్తం చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ షెడ్డులో ఉప్పు ఎక్కడ పోసేవారో చూడాలి" అన్నారు. నత్తనడక గారూ, ఫొటోలు, శ్మశానం సంగతి కూడా చెప్పండి. ఎంతసేపు ఉండొచ్చు?

నత్తనడక:
ఫొటోలు తీసుకోండి, తప్పు లేదు, కానీ ఎవరైనా ఉంటే, ముఖ్యంగా పిల్లలుంటే, ముందు పడవాయన్ని వెళ్లి అడగమనండి. మా పడవాయన వాళ్ల అమ్మ ఆ ఊళ్లోనే పుట్టిందట, ఆ మాట తిరిగొచ్చేటప్పుడు గానీ చెప్పలేదు, నేను ముందే అడిగి ఉంటే ఆయన ఇంకా చాలా చెప్పేవాడు. మీరు వెళ్లేటప్పుడే అడగండి, "మీవాళ్లెవరైనా అక్కడ ఉండేవారా" అని. కెమెరాతో వెళ్లడం బాగుంటుందా అన్న మీ ప్రశ్నకి జవాబు నాకంటే వాళ్లు చెప్తేనే బాగుంటుంది.

శ్మశానంలో తెల్ల చెక్క శిలువలు, వాటి దగ్గర ప్లాస్టిక్ పువ్వులు ఉంటాయి. రాతి నేల కదా, లోతుగా తవ్వడం కుదరదు, కొన్ని సమాధుల మీద రాళ్లు పేర్చి ఉంటాయి, గడ్డి మొలిచి మామూలు రాళ్ల కుప్పలా కనిపిస్తాయి కాబట్టి చూసుకుని అడుగేయండి, వాటి మీద కూర్చోవద్దు. రాయి, మేకు, గాజు ముక్క ఏదీ జేబులో వేసుకోవద్దు.

టైమ్ అంటే చాలామందికి గంట ఇస్తారు, మీరు అక్కడ రెండున్నర గంటలు ఆగేలా పడవాయనతో ముందే మాట్లాడుకోండి. ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లండి. షెడ్డుకి నీళ్ల వైపు గోడ దగ్గర గాలి తగలదు, ఒక వెడల్పాటి పలక ఉంటుంది, నాన్నగారు అక్కడ కూర్చోవచ్చు, ఎదురుగా పడవలు ఆగిన చోటంతా కనిపిస్తుంది.