గలతీ 5:22లో ‘విశ్వాసము’ ఏ విశ్వాసం?

మొన్న ఆదివారం మా చిత్తూరు సంఘంలో ఆత్మ ఫలం మీద, అంటే దేవుని ఆత్మ మనలో పుట్టించే గుణాలని బైబిల్లో గలతీ పత్రిక చెప్పేవాటి మీద, వాక్యం చెప్పారు. ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము. ఏడో మాట దగ్గర పాస్టర్‌గారు “అంటే దేవుణ్ణి నమ్మడం” అనేసి సాత్వికంలోకి వెళ్లిపోయారు.

నాకది మింగుడుపడలేదు. అటూ ఇటూ ఉన్న మాటలు చూడండి. దయాళుత్వం, మంచితనం, సాత్వికం అన్నీ పక్కవాడితో మన నడవడిని చెప్పేవే. గ్రీకులో అక్కడున్న మాట పిస్తిస్. నమ్మడానికీ, నమ్మదగినట్టు ఉండడానికీ అదే మాట. మన విశ్వాసమూ అంతే కదా! ‘ఉప్పు తిన్న విశ్వాసం’, ‘కుక్కకున్న విశ్వాసం కూడా లేదు’, ‘విశ్వాసఘాతకుడు’ అని ఇంట్లో రోజూ అంటాం. గుడి మెట్లెక్కగానే ఆ అర్థాన్ని చెప్పులతో పాటు బయట వదిలేస్తున్నాం.

పలమనేరు నుంచి ఒక మాస్టారు: సగం ఒప్పుకుంటా. ఉప్పు తిన్న విశ్వాసంలో బాకీ లెక్క ఉంది నాయనా. పెట్టినవాడికే చెల్లుతుంది, పెట్టనివాడికి ఏమీ లేదు. 2 తిమోతి 2:13 చూడు, మనం నమ్మదగనివాళ్లమైనా ఆయన నమ్మదగినవాడుగానే ఉంటాడని. అక్కడ ఎవరి ఉప్పు ఎవరు తిన్నట్టు?

మాస్టారూ, ఆ తేడా నిజమే. కాదనను.

పుత్తూరు నుంచి ఒక అక్క: పెద్ద పెద్ద అర్థాలు నాకు తెలియవు. మా ఊళ్లో పాల కేంద్రం చూసే అమ్మాయి ఉంది. తెల్లారకముందే క్యూ ఉంటుంది. వెన్న శాతాన్ని బట్టే డబ్బులు. మిషన్‌లో 4.2 పడితే పుస్తకంలో 4.2 రాస్తుంది. చదువురాని ముసలమ్మ పాలైనా అంతే, 4.0 అని రాస్తే ఆ అవ్వకు తెలిసేదా ఏమన్నా? పాలల్లో నీళ్లు తేలితే సొంత మేనమామ క్యానైనా వెనక్కి పంపుతుంది. దాంతో ఇంట్లో మాటలు కూడా పడింది పాపం. ఆ పిల్ల గుడిలో లేచి తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పగా నేను వినలేదు గానీ, మీరు చెప్పే ఏడో మాట ఇదే అనుకుంటా.

అక్కా, లూకా 16:10 అచ్చంగా ఇదే. “మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువాడు ఎక్కువలోను నమ్మకముగా ఉండును.” పైగా మాస్టారి బాకీ లెక్కకు కూడా జవాబు దొరికింది. ఆ అవ్వ ఉప్పు ఈ పిల్ల తినలేదు కదా.

తిరుపతి నుంచి ఒక తమ్ముడు: అన్నా, లూకాలో ‘నమ్మకము’ అని పెట్టినప్పుడు గలతీలోనూ అదే పెట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు కదా?

గొడవ తప్పేది కాదు తమ్ముడూ. నమ్మకం కూడా రెండు వైపులా కోసే మాటే. ‘నాకు నీ మీద నమ్మకం’ అంటాం, ‘నమ్మకంగా పనిచేశాడు’ అనీ అంటాం. ‘నమ్మినబంటు’ తీసుకో. వాడు నమ్మాడా, వాణ్ణి నమ్మారా?

పలమనేరు మాస్టారు: రెండూను. విడదీస్తే బంటు మిగలడు. మత్తయి 25:21లో “నమ్మకమైన మంచి దాసుడా” అన్నదీ అలాంటివాణ్ణే. సరే, పాస్టర్‌గారిని మాత్రం అందరి ముందూ అడగొద్దు, విడిగా అడుగు.