పద్దెనిమిది నిండగానే పిల్లల డాక్టరును వదిలేయాలా?

పల్నాటి అమ్మ:
మా బాబుకి క్రోన్స్, అంటే పేగుల్లో వాపు వచ్చి ఏళ్ల తరబడి ఉండే జబ్బు. పదకొండో ఏట బయటపడింది. అంతకుముందు ఏడాదంతా నులిపురుగులన్నారు, బయటి తిండన్నారు, బడి ఎగ్గొట్టే నాటకమన్నారు. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పట్నుంచీ హైదరాబాదులో పిల్లల గ్యాస్ట్రో (కడుపు, పేగుల) డాక్టరే చూస్తున్నారు. ఎనిమిది వారాలకోసారి ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు నరంలోకి ఎక్కిస్తారు. వచ్చే మార్చికి 18 నిండుతాయి, "ఇక పెద్దల విభాగానికి మారాలమ్మా" అంటున్నారు. ఆ మార్చిలోనే ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు, ఆపైన ఈఏపీసెట్ (మునుపటి ఎంసెట్).

ఎలా ఉంటుందో చూద్దామని మొన్న ఒక పెద్దల డాక్టరు దగ్గరికి వెళ్లాం. "రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నావ్?" అని వాణ్ణి అడిగారు. వాడు నా మొహం చూశాడు. "రెండు మూడు సార్లండీ" అని నేనే చెప్పాను. ఆయన కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చేశాం. ఆరేళ్లు పేరు పెట్టి పిలిచి, పెరుగు తింటున్నావా అని అడిగిన మనిషిని వదిలి ఇక్కడికా? కనీసం 21 దాకా పాత డాక్టరు దగ్గరే ఉంచాలని నా వాదన. మీరేమంటారు?

లాస్ట్‌బెంచ్:
అమ్మా, కోప్పడకండి. ఆయన అడిగింది మీ వాణ్ణి కదా, మీరెందుకు జవాబు చెప్పారు?

నాకు 26. పద్నాలుగో ఏట నుంచి అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ లాంటిదే, పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు. నా మోషన్స్ లెక్క పదిహేడేళ్ల దాకా మా అమ్మే చెప్పేది, నేను సీలింగ్ ఫ్యాన్ చూస్తూ కూర్చునేవాణ్ణి. బీటెక్‌కి చెన్నై వెళ్లాక జబ్బుని అణిచి ఉంచే అజాథయోప్రిన్ మాత్ర మానేశా. ఒంట్లో బాగానే ఉంది, ఆ మాత్ర దేనికో ఎవరూ నాకు చెప్పలేదు, పైగా మాటిమాటికీ రక్త పరీక్ష. నాలుగు నెలలు హాయిగా తిరిగా. అయిదో నెలలో మొదలైంది. హాస్టల్లో అంతస్తుకి నాలుగు బాత్రూములు, పొద్దున్నే క్యూ. ఎవరూ ఉండరని తెల్లవారుజామున మూడింటికి వెళ్లొచ్చి పడుకునేవాణ్ణి. నెత్తురు పడుతున్నా ఇంట్లో చెప్పలేదు. చివరికి పది రోజులు ఆసుపత్రి, స్టెరాయిడ్లు, ఒక సెమిస్టర్ గోవిందా.

అప్పటికి నన్ను పిల్లల డాక్టరు వదిలేయలేదు. ఎప్పుడైనా ఫోన్ చేయమన్నారు కూడా. ఆయన నంబరు అమ్మ ఫోనులో ఉంది.

21 దాకా ఆపితే మీ వాడు ఇంకో మూడేళ్లు ఫ్యాన్ చూస్తాడు.

ఓపీ రెసిడెంట్:
నేను పెద్దల గ్యాస్ట్రోలో పనిచేస్తున్నాను. తల తిప్పని డాక్టరును వెనకేసుకురాను. ఓపీలో మనిషికి అయిదారు నిమిషాలే దొరుకుతాయి, అది మాత్రం నిజం.

కానీ పిల్లల డాక్టరు దగ్గర జరగని పనులు కొన్ని ఉంటాయి. పెద్దపేగులో జబ్బు ఉన్నవాళ్లకి మొదలైన ఎనిమిదేళ్లకల్లా క్యాన్సర్ మార్పుల కోసం కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం) చేయాలి. అంటే పదకొండేళ్లకి వచ్చినవాడికి 19కి. అమ్మాయిలైతే పెళ్లి, గర్భం మాట ముందే రావాలి, ఈ జబ్బుకి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వాడుతూ గర్భం దాల్చకూడదు. సిగరెట్ క్రోన్స్‌ని ముదరబెడుతుంది. "తాగుతావా?" అని అమ్మ ఎదురుగా అడిగితే నిజం చెప్పిన కుర్రాణ్ణి నేనింకా చూడలేదు. 19 ఏళ్లవాడికి అర్ధరాత్రి పేగు మూసుకుపోతే పిల్లల వార్డులో మంచం ఇవ్వరు. అప్పుడు ఎటూ పెద్దల డాక్టరే, కాకపోతే ఫైలు లేకుండా.

పరీక్షలప్పుడు మాత్రం మార్చకండి. జబ్బు అణిగి ఉన్నప్పుడు మార్చాలి. మొదటి బయాప్సీ రిపోర్టు, స్కోపీలు, ఏ మందు ఎప్పుడు మొదలెట్టారు, ఎందుకు ఆపారు, టీబీ పరీక్షలు, టీకాలు... ఇవన్నీ ఒక్క చోట పెట్టుకోండి. సంచీ నిండా కాగితాలు తెచ్చి బల్ల మీద బోర్లిస్తే నా అయిదు నిమిషాలూ వాటిని సర్దడానికే సరి.

మేనమామ:
మీరంతా ఏ లోకంలో ఉన్నారండీ? అసలు మారాలా వద్దా అని కొట్టుకోవడానికైనా ముందు పిల్లల గ్యాస్ట్రో డాక్టరంటూ ఒకరుండాలి కదా. మా మేనకోడలికి 13. పన్నెండు దాటిందని ప్రభుత్వాసుపత్రిలో పెద్దల వార్డులో వేశారు. ముందు పేగు టీబీ అని ఆర్నెల్లు మందులు మింగించారు. తగ్గలేదు. తర్వాత క్రోన్స్ అన్నారు. ఇంత జరిగినా ఆ పిల్ల ఎత్తు ఎవరూ కొలవలేదు. మా అక్కవాళ్ల ఇంట్లో తలుపు మీద పుట్టినరోజు పుట్టినరోజుకీ గీత గీస్తారు. రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అది చూసి మేమే అడిగాం. పల్నాటి అమ్మగారూ, ఎత్తు కొలిచే డాక్టరు దొరికితే 25 దాకా వదలకండి.

ఓపీ రెసిడెంట్:
ఎత్తు సంగతి ఒప్పుకుంటున్నాను, మా ఓపీలో ఎత్తు కొలిచే స్కేలు ఎక్కడుందో నాకే తెలియదు. క్రోన్స్ ఉన్న పిల్లలకి యవ్వనం ఆలస్యంగా వస్తుంది. 18 ఏళ్లవాడి ఎముకలు పదిహేనేళ్లవాడిలా ఉండొచ్చు. అలాంటివాణ్ణి పుట్టినతేదీ చూసి మార్చడం తప్పే. టీబీ మందుల గురించి మాత్రం ఆ డాక్టర్లను మరీ తప్పుపట్టకండి. మన దేశంలో ఆ రెండూ స్కోపీలో, ఒక్కోసారి బయాప్సీలో కూడా ఒకేలా కనిపిస్తాయి.

లాస్ట్‌బెంచ్:
ఎముకలు పెరిగేదాకా ఆగుదాం, సరే. నోరు ఎప్పుడు పెరుగుతుంది?

బర్మింగ్‌హామ్ సిస్టర్:
ఇక్కడ ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్నాను. వైద్యం ఎలా చేయాలో చెప్పే ఇక్కడి నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం మార్పు ఏర్పాట్లు 13, 14 ఏళ్లకే మొదలవ్వాలి. ఫలానా పిల్లవాడికి ఫలానా మనిషి అని ఒకరిని పెట్టాలి. ఆ మనిషి మారడానికి ముందు ఆరు నెలలు, మారాక ఆరు నెలలు తక్కువ కాకుండా తోడుండాలి. కొత్త డాక్టరును ముందే కలిపించాలి. ఇదంతా కాగితం మీద. అన్నిచోట్లా జరగదు, ఉత్తరం రాసి చేతులు దులుపుకునేవాళ్లు ఇక్కడా ఉన్నారు. ఖర్చు లేనిది ఒకటుంది: ఓపీలో మొదటి పది నిమిషాలు పిల్లవాడు ఒక్కడే లోపలికి వెళ్లాలి. ఆ తర్వాతే అమ్మానాన్నలు. అదైతే మీరు రేపట్నుంచే, పాత డాక్టరు దగ్గరే మొదలుపెట్టవచ్చు.

పల్నాటి అమ్మ:
తిట్లు తిన్నాను, సంతోషం.

నిన్న రాత్రి వాడికి ఒక తెల్ల కాగితం ఇచ్చి, నీ జబ్బు గురించి నువ్వే రాయరా అన్నాను. ఫిజిక్స్ అసైన్‌మెంట్ ఉందని విసుక్కున్నాడు. పదకొండింటికి తెచ్చిచ్చాడు. మందు స్పెల్లింగ్ తప్పు, డోసు కరెక్టు. ఆఖర్న రాశాడు: "దీపావళి నుంచి రాత్రి రెండుసార్లు లేస్తున్నా." పక్క గదిలో పడుకుంటాను, నాకు తెలియదు. నేను ఆ డాక్టరుతో "రెండు మూడు సార్లు" అని చెప్పింది గత వారం.

21 అన్న మాట వెనక్కి తీసుకోను. ఈసారి ఇన్‌ఫ్యూజన్‌కి (మందు ఎక్కించడానికి) వెళ్లినప్పుడు మాత్రం నేను బయట కూర్చుంటాను.

ఓపీ రెసిడెంట్:
ఇన్‌ఫ్యూజన్ దాకా ఆగకండమ్మా. నిద్రలోంచి లేచి వెళ్తున్నాడంటే జబ్బు మళ్లీ రాజుకుంటోందేమో చూడాలి. రేపే మీ డాక్టరుకి ఫోన్ చేసి కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష (పేగులో వాపు ఉందేమో మలంలో చూసేది) గురించి అడగండి. ఫోన్ వాడితోనే చేయించండి.

లాస్ట్‌బెంచ్:
నంబరు వాడి ఫోనులో సేవ్ చేయించి మరీ.