మాజీ సైనిక ఇంజనీరును జలవనరుల శాఖలో చీఫ్‌గా పెట్టవచ్చా?

ఆమదాలవలస వాసి:
సైన్యంలో కర్నల్‌కు 54 ఏళ్లకే పదవీ విరమణ. అంత అనుభవం ఉన్న ఇంజనీర్లను మన జలవనరుల, రోడ్లు భవనాల శాఖల్లో చీఫ్ ఇంజనీర్లుగా ఎందుకు తీసుకోకూడదు? 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడినప్పుడు చూరల్‌మల దగ్గర సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ 190 అడుగుల బెయిలీ వంతెనను రెండు రోజుల లోపే నిలబెట్టింది. మా ఊరి కాలువ మీద కూలిన కల్వర్టు అలాగే పడి ఉంది.

హిరమండలం మాస్టారు:
పెళ్లిపందిరి వేసినవాడిని ఇల్లు కట్టమన్నట్టుంది. బెయిలీ వంతెన అంటే సిద్ధంగా ఉన్న ఉక్కు ప్యానెళ్లను పిన్నులతో బిగించడం. అక్కడ భూసేకరణ లేదు, టెండరు లేదు, కోర్టు స్టే లేదు. ఒడిశాతో తగవున్న మన వంశధార నది సంగతి చూడండి. దాని మీద కట్టాల్సిన నేరడి బ్యారేజీకి అనుకూలంగా ట్రైబ్యునల్ తీర్పు 2017లోనే వచ్చింది. ఒడిశా వైపు కావలసింది 106 ఎకరాలు. బ్యారేజీ లేచిందా? ఇక్కడ 19 టీఎంసీల జలాశయం కోసం ఊళ్లు ఖాళీ చేసినవారితో పరిహారం గురించి కూర్చుని మాట్లాడాలి. కాలువ చివరనున్న శివారు భూములకు నీరందలేదని రైతులు కార్యాలయం ముందు బైఠాయిస్తే వారికి జవాబు చెప్పాలి. ఆజ్ఞ ఇస్తే జరిగే పనులు కావివి.

విజయనగరం విశ్రాంత అధికారి:
మాస్టారూ, సైనిక ఇంజనీరు అంటే ఆజ్ఞలిచ్చేవాడే అనుకుంటున్నారు. నేను కోరుకొండ సైనిక్ స్కూలులో చదివి, తరువాత సైన్యానికి కట్టడాల పనులు చూసే ఎంఈఎస్‌లో గారిసన్ ఇంజనీరుగా చేశాను. క్వార్టర్లు, తాగునీరు, కరెంటు, అన్నీ కాంట్రాక్టు పనులే. టెండరు, కొలతల పుస్తకం, ఆడిట్ అభ్యంతరం, కాంట్రాక్టరుతో మధ్యవర్తిత్వ కేసు... జలవనరుల శాఖలో ఉన్న తలనొప్పులన్నీ మాకూ ఉన్నాయి. నా కింద పనిచేసినవారిలో ఎక్కువమంది సివిలియన్లే. తేడా ఒక్కటే: అక్కడ పంపు ఆగితే ఆ సాయంత్రమే కమాండర్ ఫోను చేస్తాడు. ఇక్కడ శివారు రైతు ఎవరికి ఫోను చేయాలి? భూసేకరణ నాకు తెలియదన్నమాట మాత్రం ఒప్పుకోవలసిందే.

పాలకొండ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు):
అయ్యా, మా గోడు కూడా వినండి. సరిహద్దు రోడ్ల సంస్థ 1960లో ఏర్పడింది. అక్కడ ఆ సంస్థ సొంత దళమైన జీఆర్‌ఈఎఫ్ ఇంజనీర్లు సర్వీసంతా మంచుకొండల్లో గడుపుతారు, డైరెక్టర్ జనరల్ కుర్చీ మాత్రం సైన్యం నుంచి వచ్చే లెఫ్టినెంట్ జనరల్‌దే. అదే పద్ధతి ఇక్కడికీ తెస్తారా? ఏఈగా చేరినవాడు ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) అయ్యేసరికే జుట్టు నెరుస్తుంది. ఆ పై మెట్టు కూడా తీసేస్తే తుపాను రాత్రి గేట్ల దగ్గర కాపలా ఉండే ఉత్సాహం ఎవరికుంటుంది? తిత్లీ తుపాను వచ్చిన 2018లో ఏ నది ఏ గట్టు మీద పొర్లుతుందో చెప్పింది కాలువలు, గేట్లు చూసే పాత లస్కర్లే. అది బయటినుంచి వచ్చినవారికి ఏడాదిలో పట్టుబడే విషయం కాదు.

ఆమదాలవలస వాసి:
అందరూ చెప్పింది బాగుంది, నా కల్వర్టు సంగతి?

విజయనగరం విశ్రాంత అధికారి:
మీ ప్రమోషన్ల జోలికి రాను, ఏఈ గారూ. క్వాలిటీ కంట్రోల్ విభాగానికి మూడేళ్ల కాంట్రాక్టు మీద మాలాంటివారిని తీసుకోమనండి.

హిరమండలం మాస్టారు:
దీనికి నేను అడ్డు చెప్పను. కానీ మీరు సంతకం పెట్టకపోతే కాంట్రాక్టరు బిల్లు ఆగుతుందని నియామక ఉత్తర్వులోనే రాయించుకోండి.