అప్‌డేట్: క్యూలిన్‌లో ఏ శిఖరమో తేల్చుకున్నాం

స్కాట్లాండ్‌లోని స్కై ద్వీపంలో, బ్లాక్ క్యూలిన్ కొండల్లో తాడు లేకుండా ఒక్క రోజులో ఎక్కి దిగగలిగే శిఖరం ఏదని అడిగాను కదా, మీ సలహాలన్నీ చదివాక అన్నిటికన్నా ఎత్తైన స్గూర్ అలస్డేర్ (992 మీటర్లు) పక్కన పెట్టేసి, 958 మీటర్ల బ్రూఅఖ్ న ఫ్రీహ ఖాయం చేసుకున్నాం. స్లిగహన్ అనే చిన్న ఊరి నుంచి ఫిన్ కోరీ (కొండ ఒడిలో గిన్నెలా ఉండే లోయ) మీదుగా ఎక్కి, అదే దారిన దిగడం. రిడ్జ్ (కొండ పైన వెన్నులా సాగే సన్నటి అంచు) మీద చేతులూ కాళ్లూ వాడి పాకే దారి ఫొటోలు చూశాక మా ఆవిడ ససేమిరా అంది, నాకూ హాయిగానే అనిపించింది లెండి.

దిక్సూచి గురించి హెచ్చరించినవాళ్లకి ప్రత్యేకంగా థాంక్స్. అక్కడి రాళ్లలో అయస్కాంత గుణం ఉండి ముల్లు తప్పు దిక్కు చూపిస్తుంది కాబట్టి మ్యాప్‌తో పాటు జీపీఎస్, స్పేర్ బ్యాటరీ కూడా తీసుకెళ్తున్నాం. అక్కడ ఎక్కువగా ఉండే గాబ్రో అనే రాయి గరుకుగా ఉండి బూటుకి బాగా పట్టు ఇస్తుంది గానీ, మధ్యమధ్యలో వచ్చే బసాల్ట్ అనే నున్నటి రాయి తడిస్తే జారుడే. వాన పడినా మబ్బు కమ్మినా ఎక్కం.